స్వీడన్ రాణులూ, హైమవతి గారి పెట్టె

ఈ దేశంలో మంచి పిన్నీసు దొరకదు. చంటిపిల్లల లంగోటీలకి వాడటం మానేశాక దాని మీద ఎవరికీ శ్రద్ధ లేకుండా పోయిందనుకుంటాను. డజను కొంటే నాలుగు మూసుకోవు, మూడు తెరుచుకోవు, మిగిలినవి పట్టుచీర మడతల్ని చూడగానే నడుం వంచేస్తాయి. ఈ విషయమై మేముండే షామ్‌బర్గ్ చుట్టుపక్కల కుట్టుసామాన్ల దుకాణాలన్నింటిలోనూ ఏళ్ల తరబడి నా అసంతృప్తిని తెలియజేస్తూ వచ్చాను. వాళ్లు మర్యాదగా విన్నారు.

కిందటి నెల ఒక గురువారం పొద్దున్న కూడా అలాంటి దుకాణంలోనే నిలబడి ఒక పిన్నీసుని వంచి చూస్తున్నాను. పెద్దసైజువి మూడు డజన్లు తెమ్మని హైమవతి గారి ఆజ్ఞ. ఫోన్ మోగింది. ఆవిడ నంబరే. హలో కూడా అనకుండా, "దొరికాయండీ, నాణ్యత మీద మాత్రం నాకు నమ్మకం లేదు" అన్నాను. అవతల ఉన్నది ఆవిడ భర్త మూర్తి గారు. "హైమ లేవలేదండీ" అన్నారు.

నాకు అర్థం కాలేదు. "పోనీ, పడుకోనివ్వండి. నేను మధ్యాహ్నం వస్తాను" అన్నాను. మూర్తి గారు, "అంబులెన్స్ వాళ్లు వచ్చి చూసి వెళ్లారు" అన్నారు. అరవై ఎనిమిదేళ్ల వయసులో, నిద్రలోనే, ఎవరికీ ఏ ఇబ్బందీ కలిగించకుండా ఆవిడ గుండె ఆగిపోయింది. ఒక మహనీయురాలి నిర్యాణవార్త విన్న క్షణాన నా నోట వచ్చిన మాట 'పోనీ, పడుకోనివ్వండి'. చెప్పుకోదగిన మాట కాదు. దుకాణంలో ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. పిన్నీసులు మాత్రం కొన్నాను. ఆవిడ చెప్పింది తేకుండా ఆ ఇంటి గడప తొక్కడం నాకు అలవాటు లేదు.

ఈ పత్రిక చదివేవారిలో సగం మందికి హైమవతి గారు తెలుసు. మిగిలిన సగం మందికి ఆవిడ పెట్టె తెలుసు, అది ఆవిడదని తెలియకపోయినా. గత తొమ్మిదేళ్లలో మా శివార్లలో జరిగిన తెలుగు పెళ్లిళ్ల ఫొటోలు తిరగేయండి. వేరువేరు ఇళ్ల పెళ్లికూతుళ్ల నడుముకి అదే వడ్డాణం, జడకి అదే నాగరం కనిపిస్తాయి. ఆ పెట్టె కథ చెబితే ఆవిడ కథ చెప్పినట్టే. కాని ముందు మనిషి గురించి నాలుగు మాటలు.

నర్సాపురంలో పుట్టి, విశాఖలో గణితం చదివి, ఇక్కడ ఒక బీమా కంపెనీ డేటాబేసులకి ఇరవై రెండేళ్లు సంరక్షకురాలిగా పనిచేశారు. అందులో పదకొండేళ్లు నా పైఅధికారి. మీటింగుల్లో నిన్నగాక మొన్న చేరినవాడు కూడా ఆవిడని 'హైమా' అని పిలిచేవాడు. నాకు నోరు రాలేదు. నేను 'హైమవతి గారూ' అనడం విని, 'గారు' అన్నది ఆవిడ ఇంటిపేరు కాబోలనుకుని ఒక పెద్దాఫీసరు 'డియర్ మిస్ గారు' అని ఉత్తరం రాశాడు. సరిదిద్దమంటారా అని అడిగాను. "ఎందుకయ్యా, తెలియకుండానైనా మర్యాదే కదా ఇచ్చాడు, ఉండనీ" అన్నారు. ఆవిడ స్వభావం మొత్తం ఆ మాటలో ఉందని అప్పుడు నాకు తోచలేదు. అప్పుడు నేను నవ్వుకునే పనిలో ఉన్నాను.

ఒక చలికాలంలో కంపెనీ ఆవిడని ఆరు నెలలు స్టాక్‌హోంకి పంపింది. శుద్ధ శాకాహారి, చలి పడదు, మంచు మీద నడక రాదు. ఆదివారాలు వేరే గతిలేక రాజప్రాసాదపు నేలమాళిగలో ఉన్న ఖజానా చూడబోయారు. వెచ్చగా ఉంటుందని వెళ్లానని ఆవిడే చెప్పారు. మహత్తరమైన జిజ్ఞాసలకి మూలకారణం చాలాసార్లు హీటరే. అక్కడ కిరీటాలూ రాజదండాలూ అద్దాల వెనక ఉన్నాయి. ఆ కిరీటాలని నూరేళ్లకి పైగా ఏ రాజూ తల మీద పెట్టుకోలేదట. పెళ్లికో, పిల్లల నామకరణానికో, చావుకో బయటికి తీసి, పక్కన దిండు మీద ఉంచుతారట. చూడవచ్చిన వాళ్లందరూ వెల ఎంతని అడుగుతుంటే, ఆవిడ కాపలాదారుని అడిగిన ప్రశ్న ఒకటే: "వీటిని ఎవరు తుడుస్తారు?" ఆ ప్రశ్న తనని ఇంతవరకూ ఎవరూ అడగలేదన్నాడట అతను. మరుసటి ఆదివారం ఆవిడ మళ్లీ వెళ్లారు. ఆ పై ఆదివారం కూడా.

అలా మొదలై, స్వీడన్ రాణుల నగల మీద ఆవిడకి కలిగిన పాండిత్యం మా ఆఫీసులో ఎవరికీ ఏ ఉపయోగమూ లేనిది. అందుకే స్వచ్ఛమైనది. మధ్యాహ్న భోజనాల వేళ పెరుగన్నం కలుపుకుంటూ చెప్పేవారు. ఫ్రాన్స్ చక్రవర్తి ఇంటి నుంచి ఒక మనుమరాలు స్వీడన్‌కి కోడలిగా వచ్చిందట. ఆ పిల్లతో వచ్చిన నీలాల కిరీటం పెట్టెలో పెట్టేటప్పుడు బల్లపరుపుగా పరుచుకుంటుందట. "చూశావా, కిరీటానికి కూడా పడుకునే వీలు కల్పించాడు ఆ కంసాలి" అనేవారు. ఆ రాణి చెల్లెలు బ్రెజిల్ చక్రవర్తిని పెళ్లాడింది. పోతూ పోతూ తన వజ్రాల కిరీటాన్ని సముద్రాల అవతలి అక్కకి వదిలి వెళ్లింది. అప్పటికి అక్కకీ వయసు మళ్లింది. "ఆ వయసులో అంత బరువు తల మీద ఎలా మోస్తుందయ్యా? ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంటుంది" అన్నారు. చరిత్రకారులెవరూ రాయని మాట. నాకు మాత్రం ఆ రాణి అలాగే కనిపిస్తుంది, ఇప్పటికీ.

అన్నింటిలోకీ ఆవిడకి ఇష్టమైనది ఉక్కు కిరీటం. బంగారం కాదు, వజ్రం కాదు, సానపట్టిన ఉక్కు ముక్కలు. దీపం వెలుగులో వజ్రాన్ని మించి మెరుస్తుందట. ఎన్నో తరాలు రాజప్రాసాదంలో ఏదో బీరువాలో మరుగున పడి ఉంటే, ఈ కాలపు రాణికి కనబడి, తల మీదకి ఎక్కిందట. "వజ్రాలున్న ఇంట్లో ఉక్కుని దాచిపెట్టారంటే అందులో ఏదో ఉండి ఉండాలి. లేకపోతే ఎప్పుడో పారేసేవారు" అని ఆవిడ సిద్ధాంతం. ఇంత చెప్పే మనిషి ఒంటి మీద నల్లపూసలు, చేతికి ఒక తోలుపట్టీ గడియారం తప్ప ఏమీ ఉండేది కాదు. మీరెందుకు పెట్టుకోరని ఒకసారి అడిగాను. "మ్యూజియం కాపలాదారు కిరీటం పెట్టుకుని తిరుగుతాడా?" అన్నారు.

రిటైరయ్యాక మా ఊరి పబ్లిక్ లైబ్రరీలో ఈ విషయం మీద ఉపన్యాసమిచ్చారు. పదకొండుమంది వచ్చారు. అందులో నలుగురు అదే గదిలో అంతకుముందు జరిగిన పన్నుల సలహా కార్యక్రమం నుంచి లేవకుండా మిగిలినవారు. తెర మీద బొమ్మలు మార్చడం నా విధి. నీలాల కిరీటం గురించి చెబుతుండగా బ్రెజిల్ కిరీటం చూపించి నేనూ చరిత్రకి కొంత సేవ చేశాను. అంతా అయ్యాక వెనక వరసలోంచి స్వీడిష్ సంతతికి చెందిన ఒక ముసలావిడ చెయ్యెత్తింది. వాళ్ల అమ్మమ్మ పుట్టిన పల్లెలో చర్చికి సొంతంగా ఒక వెండి కిరీటం ఉండేదట. ఊళ్లో ఏ పిల్ల పెళ్లయినా, కలిగినింటి పిల్లయినా, పాలేరు కూతురైనా, తల మీద ఆ కిరీటమే. మర్నాడు పొద్దున్నే తుడిచి తిరిగి ఇచ్చేయాలి. "అది ఎవరిదీ కాదు. కాబట్టి అందరిదీ" అంది ఆవిడ. హైమవతి గారు చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టేసి, అలా చూస్తూ ఉండిపోయారు.

తిరుగు దారిలో కార్‌లో వస్తుంటే ఒక సిగ్నల్ దగ్గర హఠాత్తుగా, "ఏమయ్యా, మనవాళ్ల లాకర్లలో నగలు ఏడాదికి ఎన్నిసార్లు బయటికి వస్తాయంటావు?" అన్నారు.

"వ్రతానికి ఒకసారండీ."

"అదీ ఫొటో కోసం. అవునా?"

"కొందరు దేవుడి కోసం కూడా పెట్టుకుంటారండీ."

"దేవుడికి లాకర్‌లో ఉన్నా కనిపిస్తాయి" అన్నారు. సిగ్నల్ పచ్చబడింది. పెట్టె ఆలోచన పుట్టినది ఆ కూడలిలో.

ఆర్నెల్లలో ఇరవై మూడు వస్తువులు చేరాయి. ఆడవాళ్ల దగ్గర నగ అడిగి తీసుకోవడం ఎంత కష్టమో నేను చెప్పనక్కర్లేదు. ఆవిడ ముందు తనది ఇచ్చి తరవాత అడిగారు. మొట్టమొదట పెట్టెలో పడినది వాళ్ల అమ్మమ్మ కాసులపేరు. ఒరిసి ఒరిసి కాసుల మీద లక్ష్మీదేవి ముఖం చదునైపోయింది. పదిహేడో కాసు మిగతావాటికన్నా చిన్నది, ఏ కాలంలోనో ఊడిపోతే దొరికిందేదో వేయించినది. తరవాత ఒకరు వడ్డాణం, ఒకరు నాగరం, ఒకరు పాపిటబిళ్ల, మా ఆవిడ పద్మ ఒక జత వంకీలు. ఇక్కడ చదువుకోవడానికి వచ్చి, ఇక్కడే పెళ్లి చేసుకునే పిల్లలకి, అమ్మానాన్నలకి వీసా దొరకని పిల్లలకి, ఒక్కరోజు ఆ పెట్టె తెరుచుకునేది. బ్యాంక్ లాకర్ ఆవిడ పేరూ నా పేరూ కలిపి తీసుకున్నారు. నన్నెందుకు ఎంచుకున్నారో అందరి ముందూ చెప్పారు: "ఇతనికి నగలంటే ఆసక్తి లేదు, పారిపోయే ధైర్యం అంతకన్నా లేదు." నా గురించి ఇంత కచ్చితమైన ప్రశంస మా ఇంట్లో కూడా ఎవరూ చేయలేదు.

ప్రతి నగకీ ఒక అట్టముక్క. దాని మీద ఆ నగ ఇచ్చినవారి పేరు ఉండదు. పెట్టుకున్న పెళ్లికూతుళ్ల పేర్లు మాత్రం వరసగా ఉంటాయి. దీని మీద మొదట్లో కొంత గుసగుస నడిచింది. ఇచ్చినవాళ్ల పేరు కూడా రాస్తే బాగుంటుందేమోనని ఒకావిడ సూచించారు. "రాణుల నగలకి ఎవరు చేయించారన్నది ఎవరికీ గుర్తుండదమ్మా. ఎవరి తల మీద నిలిచిందన్నదే గుర్తుంటుంది" అన్నారు హైమవతి గారు. పెళ్లిరోజు ఆవిడే వెళ్లి, పెళ్లికూతురి వెనక నిలబడి, కొక్కేలన్నీ తన చేత్తోనే తగిలించేవారు. మర్నాడు కుంకుడురసంలో ముంచి, మెత్తని బ్రష్‌తో తోమి, పాత పంచె మీద ఆరబెట్టేవారు. ఆ తోమే పని ఎవరికీ ఇవ్వలేదు. నేను ఒకసారి సాయం చేయబోతే, "నువ్వు బొమ్మలు మార్చు చాలు" అన్నారు.

ఇక కాసులపేరు ఉదంతం. రమాదేవి గారు ఈ వ్యాసం చదువుతారని తెలిసే, ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను. ఆవిడ కొడుకు పెళ్లిలో కోడలు ఆ కాసులపేరు పెట్టుకుంది. పెళ్లయ్యాక రమాదేవి గారు హైదరాబాద్ వెళుతూ, మెరుగు పెట్టించి తెస్తానని హైమవతి గారిని అడిగి మరీ తీసుకెళ్లారు. తిరిగి వచ్చాక పదిమందిని పిలిచి, ఎర్ర మఖమలు పెట్టె తెరిచి ఆవిడ చేతిలో పెట్టారు. లోపల కొత్త కాసులపేరు. ప్రతి కాసు మీదా లక్ష్మీదేవి కనుబొమలతో సహా స్పష్టంగా ఉంది. మధ్యలో కెంపుల పతకం.

"పాతది మరీ అరిగిపోయింది కదా హైమా, కరిగించేశాం. పైన మూడు తులాలు మేమే వేశాం. ఇంత చేసినదానికి ఆమాత్రం చేయద్దూ?" అన్నారు రమాదేవి గారు. కళ్లల్లో నిజమైన ఆనందం. అరువు తెచ్చుకున్న నగని బరువు పెంచి తిరిగి ఇవ్వడమనే పని ఈ భూమండలంలో మనవాళ్లు తప్ప ఇంకెవరూ చేయరని నాకు గట్టి నమ్మకం.

హైమవతి గారు దాన్ని చేతిలోకి తీసుకుని, కాసులన్నీ వేళ్లతో ఒకసారి తడిమారు. పదిహేడో కాసు దగ్గర వేలు ఆగింది. అదీ మిగతావాటి సైజులోనే ఉంది. "చాలా బాగుంది రమా. ఎవరిదిది?" అన్నారు.

రమాదేవి గారు, "అదేంటే, నీదే!" అన్నారు. హైమవతి గారు నవ్వి, కాఫీ కలపడానికి లోపలికి వెళ్లారు. మామూలుగా ఐదు నిమిషాల పని. ఆ రోజు ఇరవై నిమిషాలు పట్టింది. కాఫీ బాగానే ఉంది.

తరవాత నాలుగు నెలలు వాళ్లిద్దరి మధ్యా మాటల్లేవు. నేను రమాదేవి గారిని ఏదో అనబోతే హైమవతి గారు ఆపేశారు. "ఆవిడ తప్పేం లేదు. నిబంధనల్లో అన్నీ రాశాను, కరిగించకూడదని రాయలేదు. మనవాళ్లకి అది కూడా రాయాలని నాకు తట్టలేదు. ఎన్నేళ్లు డాక్యుమెంటేషన్ చేశానయ్యా నేను!" అన్నారు. ఆ నాలుగు నెలల్లో ఒకరోజు నర్సాపురంలో ఉన్న వాళ్ల పిన్నికి ఫోన్ చేసి, ఆ కాసులపేరు గురించి ఆరా తీశారు. తొంభై దాటిన ఆ పిన్ని చెప్పినదేమిటంటే, అమ్మమ్మ దాన్ని తన అత్తగారి చేతి కడియాలు కరిగించి చేయించుకుందట. అత్తగారు బతికుండగా కుదరలేదు కాబట్టి తరవాత. హైమవతి గారు నాకు ఈ సంగతి చెప్పి, చాలాసేపు నవ్వారు. "నేను అపురూపం అనుకుని దాచినది కూడా కరిగించినదేనయ్యా! ఆ కడియాలు ఇంకేం కరిగించి చేశారో! రాయికి జ్ఞాపకం ఉంటుంది. బంగారానికి ఉండదు. అందుకే దాని పక్కన అట్టముక్క పెట్టాలి" అన్నారు. ఆ సాయంత్రమే రమాదేవి గారి ఇంటికి తానే వెళ్లారు. కొత్త కాసులపేరుకి కొత్త అట్ట రాశారు. దాని మీద మొదటి పేరు రమాదేవి గారి కోడలిది. పాత అట్ట పారేయలేదు, కొత్తదాని వెనక అంటించారు. తన బాధని ఇంత పొందికగా దాచుకునే మనిషిని నేను మళ్లీ చూడను.

మౌనిక విషయం ఈ మధ్యది. కరీంనగర్ పిల్ల. ఇక్కడ ఎమ్మెస్ పూర్తి చేసి, ఈమధ్యే ఉద్యోగంలో చేరింది. మూర్తి గారి ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుంటోంది. తనతో చదువుకున్న కుర్రాడితో పెళ్లి కుదిరింది. రెండువైపులా పెద్దవాళ్లకి వీసా రాలేదు. వాళ్లు అక్కడి నుంచి ఫోన్‌లోనే చూడాలి. ఒక ఆదివారం నేను వెళ్లేసరికి హైమవతి గారు ఆ అమ్మాయిని అద్దం ముందు నిలబెట్టి కాసులపేరు తగిలిస్తున్నారు.

"వద్దాంటీ, నేను ఆన్‌లైన్ల వన్ గ్రామ్ గోల్డ్ సెట్ బుక్ చేసిన. మస్తుంది అది" అంటోంది మౌనిక.

"వన్ గ్రామ్ తప్పని నేనన్నానా? ఉక్కు పెట్టుకున్న రాణులున్నారు. నిటారుగా నిలబడు."

"గింత బరువేస్తే నిటారుగా ఎట్ల నిలబడాలె?"

"అందుకేనే బరువు వేసేది. నిలబడతావో లేదోనని."

మౌనిక నవ్వింది. ఫోన్ అద్దానికి ఆనించి ఉంది. అందులో కరీంనగర్ నుంచి వాళ్లమ్మ చూస్తోంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూనే ఉంది. చివరికి, "అక్కా, ఎనక కొక్కెం జర గట్టిగ పెట్టు" అంది. "పెడతానమ్మా, ఆ రోజు నువ్వున్నట్టే పెడతాను" అన్నారు హైమవతి గారు. పెళ్లినాడు తల్లి చేతులు లేని లోటు ఆ మాటతో తీరుతుందని నేననను. ఆ తల్లి ముఖం చూసినవాడిని కాబట్టి, కొంత తీరిందని మాత్రం అంటాను. మూడు డజన్ల పిన్నీసులు ఆ పెళ్లికే.

హైమవతి గారు పోయిన తరవాత బ్యాంక్‌కి వెళ్లి పెట్టె తెరిచాను. కాసులపేరు, వడ్డాణం, నాగరం, వంకీలు, అన్నింటి అట్టల మీదా చివరి వరసలో మౌనిక పేరు పెన్సిల్‌తో రాసి ఉంది. పెళ్లి అయ్యాకనే సిరాతో రాయడం ఆవిడ పద్ధతి.

పదో రోజు కాకుండానే నాకు ఫోన్లు మొదలయ్యాయి. ఇంతకాలం ఏ నగ ఎవరిదో ఎవరూ అనలేదు. ఇప్పుడు అందరూ చాలా మర్యాదగా, చాలా దుఃఖంతో, ఒకే సంగతి చెప్పారు. పోయినావిడ చేతుల మీదుగా నడిచిన పెట్టె. ఏడాది వరకూ శుభకార్యానికి తీయకూడదు. అంతవరకూ ఎవరి వస్తువు వాళ్ల ఇంట్లో ఉంటే జాగ్రత్త కదా? ఏడాది తరవాత మళ్లీ చూద్దాం. అడగనిది రమాదేవి గారొక్కరే. మూర్తి గారిని అడిగితే, "అవి నావి కావండీ. లాకర్‌లో పేరు మీది" అన్నారు. ఒకసారి ఇరవై మూడూ ఇరవై మూడు ఇళ్లకి చేరాక మళ్లీ ఒకచోటికి రావని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఫోన్ చేసినవాళ్లందరికీ 'చూద్దామండీ' అని చెబుతున్నాను. ఏ నిర్ణయమూ తీసుకోకుండా మర్యాదగా ఉండటంలో నాకు ఆఫీసులో మంచి పేరుంది.

హైమవతి గారి స్థానం భర్తీ అవుతుందనే మాట ఈ సందర్భంలో ఎవరూ అనరు, నేనూ అనను. పెట్టెకి ఇంకో తాళంచెవి చేయించవచ్చు. పెళ్లికూతురి వెనక నిలబడి, వేళ్లు వణకకుండా, నగని కాక నగ కింద ఉన్న పిల్లని చూస్తూ కొక్కెం తగిలించే మనిషిని ఎక్కడినుంచి తెస్తాం? సింహాసనాలూ, వంశాలూ, సముద్రాల అవతలి రాణుల వైభవమూ ఇంత చదివి, ఆ విద్యనంతా ఒకరోజు పెళ్లికూతురి మెడ మీదకి తెచ్చిన ఆ సౌజన్యమూర్తికి నా నమస్సులు. ఆవిడ దగ్గర పదకొండేళ్లు పనిచేసి, ఇంకో తొమ్మిదేళ్లు బొమ్మలు మార్చిన వాడిగా ఇంతకన్నా ఎక్కువ చెప్పే అర్హత నాకు లేదు. ఇంతకన్నా చెబితే ఆవిడ ఆపేసేవారు కూడా.

మొన్న శనివారం సాయంత్రం మౌనిక శుభలేఖ ఇవ్వడానికి మా ఇంటికి వచ్చింది. పెళ్లి ఇక తొమ్మిది రోజులు. పద్మ బొట్టు పెట్టి, కాఫీ ఇచ్చి, పక్కన కూర్చోబెట్టుకుంది. పద్మ మెడలో మా అమ్మ రెండుపేటల గొలుసు ఉంది. మౌనిక దాన్ని చూసి, "మస్తుందాంటీ, పాతకాలం డిజైన్" అంది.

"మా అత్తగారిదమ్మా. ఎంత ఇష్టమో ఆవిడకి! ఆఖరి రోజు వరకూ మెళ్లోంచి తియ్యలేదు" అంది పద్మ.

కాసేపు హాలు గురించీ, భోజనాల గురించీ మాట్లాడుకున్నారు. తరవాత మౌనిక కప్పులోకి చూస్తూ, "అంకుల్, పెట్టె ఎప్పుడు తీస్తరు? అమ్మ అడుగుతుంది" అంది.

నేను పద్మ వైపు చూశాను. పద్మ మౌనిక చెయ్యి పట్టుకుంది. "నీ మంచికే చెబుతున్నానమ్మా, ఏమీ అనుకోకు. పోయిన మనిషి సొమ్ము కొత్త పెళ్లికూతురి ఒంటి మీద పడకూడదంటారు. నువ్వు బుక్ చేసుకున్న సెట్ ఉంది కదా, అది పెట్టేసుకో. పెట్టె సంగతి ఏడాది పోయాక చూద్దాం" అంది, చాలా ప్రేమగా.

మౌనిక కప్పు కింద పెట్టింది. పద్మ ముఖం వైపు కాక, మెడ వైపు చూసింది.

"ఆఖరి రోజు దాంక ఆమె తియ్యనే లేదంటిరి. మరి మీ మెడలకు ఎట్లొచ్చిందాంటీ అది?"